రాశి చూచిన ఆకలి తీరునా?

నేను ముప్పదియేండ్లకు పైగా పల్లెబడులలో పాఠములు చెప్పినవాడను. మా బడిగోడకు గింజల పటమొకటి వ్రేలాడుచుండెడిది. చిన్న గాజుబుడ్లలో వడ్లు, జొన్నలు, సజ్జలు, రాగులు, కొర్రలు, కందులు, పెసలు మొదలగునవి పోసి, అట్టకు కట్టి, క్రింద పేర్లు వ్రాసి నేనే దానిని సిద్ధపరచితిని. తనిఖీకి వచ్చిన అధికారులు చూచి మెచ్చుకొనెడివారు. ఒకనాటి మధ్యాహ్నము ఒక పిల్లవానిని లేపి ఆ గింజల పేర్లు చెప్పుమంటిని. వాడొక్కటియు తప్పక అన్నిటిని చెప్పి, కూర్చుండబోవుచు కన్నులు తిరిగి పడిపోయెను. ఉదయమునుండి వాని కడుపులో ఏమియు పడలేదని పిమ్మట తెలిసినది. అన్ని గింజల పేర్లెరిగిన బాలునకు ఆ దినమున ఒక్క గింజయు దొరకలేదు.

నాటినుండి ఆ పటమును చూచినప్పుడెల్ల నాకొక సంగతి తోచుచుండెడిది. ధాన్యమును చూపుట వేరు; ధాన్యమును పెట్టుట వేరు. ఈ రెంటికి నడుమ దూరమెంత? నేను నా బడిగోడపై చేసిన పనినే లోకములోని గొప్ప దేశములు మహానగరములలో కోట్ల ధనము వెచ్చించి చేసినవి. వాటికి అంతర్జాతీయ ప్రదర్శనములని పేరు. నూట అరువదియేండ్లకు పైబడిన వాటి చరిత్రలో అన్నమునకును ఆకలికిని దొరకిన స్థానమేమో మీకు విన్నవింతును.

అంతర్జాతీయ ప్రదర్శనమనగా నొక పెద్ద తిరునాళ్ల వంటిది. మన తిరునాళ్లలో దైవదర్శనము ప్రధానము, అంగళ్లు అనుబంధము. అక్కడనో అంగడియే గుడి. దేశదేశముల వారు తాము పండించినవి, తవ్వి తీసినవి, తమ చేతులతో చేసినవి తెచ్చి యొకచోట పేర్చి, మా గొప్ప యింతయని చూపుకొందురు. వీనిలో మొదటిదిగా నెన్నదగినది 1851వ సంవత్సరమున లండను నగరమున హైడు పార్కులో జరిగినది. జోసెఫ్ పాక్‌స్టను అనునతడు ఇనుముతోను గాజుతోను కట్టించిన ఆ మేడను జనులు స్ఫటికసౌధమనిరి. మే 1వ తేదిన తెరచి అక్టోబరు 15వ తేదిన మూసిరి. అరువది లక్షల మంది చూచిరి. మన కృష్ణాతీరపు గనులలో దొరకినదని ప్రసిద్ధి కెక్కిన కోహినూరు వజ్రమును ఇనుప పంజరములో పెట్టి యక్కడ చూపిరి. జనులు విరగబడి వచ్చి, అది తాము తలచినంత మెరయలేదని పెదవి విరిచిరి.

వజ్రము మాట యటుండనిండు. ఆహార విషయమున రెండు వస్తువులకు అక్కడ ఉత్తమ బహుమానములు లభించినవి. ఒకటి అమెరికావాడైన సైరస్ మెకార్మిక్ తెచ్చిన కోతయంత్రము. మొదట దానిని చూచి పత్రికలవారు పరిహసించిరి. ఎసెక్సు ప్రాంతమున నొక పొలములో వానలో దానిని నడిపి చూపగా పరిహాసము ప్రశంసగా మారినది. రెండవది టెక్సాసువాడైన గెయిల్ బోర్డెన్ చేసిన మాంసపు రొట్టె. మాంససారమును పిండితో కలిపి కాల్చిన ఆ బిళ్లలు చెడిపోక చిరకాలము నిలుచునట. ఆ రొట్టె రుచిలేమిచే వ్యాపారమున నిలువలేదు గాని, అతడే పిమ్మట పాలను చిక్కబరచి డబ్బాలలో నిలువయుంచు విధానమునకు 1856లో హక్కు పొందెను. ఒకటి పంటను త్వరగా కోయు ఉపాయము. మరొకటి తిండిని దూరము మోయు ఉపాయము. ఆ కాలపు వారి తలపంతయు ఈ రెంటిలోనే యున్నది: ఎక్కువ పండింపుడు, చెడకుండ దాచుడు, ఆకలి తానే పోవును.

అయితే ఆ గాజుమేడ తలుపులు తెరచుటకు నొక నెల ముందు, 1851 మార్చి 30వ తేదిన, ఆ రాజ్యముననే జనాభా లెక్క వ్రాసిరి. 1841లో 81 లక్షల 75 వేలుగా నున్న ఐర్లండు జనసంఖ్య పదియేండ్లలో 65 లక్షల 52 వేలకు దిగెను. 1845 మొదలు బంగాళదుంప పైరునకు తెగులు సోకి, దానినే నమ్ముకొనిన పేదలలో సుమారు పదిలక్షల మంది ఆకలికిని దానిని వెన్నంటి వచ్చిన జ్వరములకును బలియైరి. అంతకు పైబడి జనులు ఓడలెక్కి దేశాంతరము పోయిరి. ఆ సంవత్సరములలో ఐర్లండు రేవులనుండి ధాన్యమును పశువులును ఇంగ్లండునకు పోవుచునే యుండెను. తెగులు దుంపలకు సోకినది గాని దేశమున తిండి పూర్తిగా లేకపోలేదు. పేదవానియొద్ద దానిని కొను పైకము లేకపోయెను. ఈ మాటను చెప్పు అంగడి యొక్కటియు స్ఫటికసౌధములో లేదు.

ఇంత మాత్రమున ప్రదర్శనములు వృథాయని నేననను. వీని వలన కలిగిన మేలునకు ఒక నిదర్శనము చెప్పెదను. 1873లో వియన్నా నగరమున జరిగిన ప్రదర్శనమునకు జపాను, చీనా దేశములవారు తమ పంటలలో సోయా చిక్కుడు గింజలను గూడ తెచ్చిరి. చూచువారెల్ల చూచి పోవుచుండగా ఫ్రెడ్రిక్ హాబర్లాండ్టు అను వ్యవసాయశాస్త్ర పండితుడు వానిలో కొన్ని సంపాదించి, 1875లో విత్తి, తోడి పండితులకును రైతులకును పంచి, ఏ రకము ఏ నేలలో పండునో పరీక్షింపజేసెను. పేదల భోజనములో మాంసకృత్తుల లోపమును ఈ గింజ తీర్చగలదని నమ్మి 1878లో దానిపై నొక గ్రంథము ప్రకటించి, ఆ సంవత్సరమే కాలధర్మము నొందెను. తాను నాటిన విత్తు ఎంత వృక్షమగునో చూచు భాగ్య మతనికి లేకపోయెను గాని, ప్రదర్శనమున పిడికెడు గింజలు చేతులు మారుట యెంత గొప్ప విషయమో ఈ కథ తెలుపును. చూపినది విత్తనమైనచో, చూచినవాడు విత్తువాడైనచో, అట్టి ప్రదర్శనము సఫలము.

ఆ గింజలు ఆస్ట్రియా పొలములలో మొలకెత్తుచుండగా మన దేశమున నేమి జరుగుచుండెనో చూడుడు. 1876లో వానలు తప్పినవి. మన పెద్దలు దానిని ధాత కరవనిరి. ధాత నామ సంవత్సరమున వచ్చినది గనుక ఆ పేరు. కర్నూలు, బళ్లారి, కడప, నెల్లూరు మండలములు దారుణముగా దెబ్బతినెను. మా ముత్తవ తన తల్లినోట విన్న ఆనాటి కథలను చెప్పుచు, కంచములో మెతుకు మిగిల్చిన పిల్లలను కోపించెడిది. 1877 జనవరి 1వ తేదిన ఢిల్లీలో విక్టోరియా రాణిని హిందూదేశ చక్రవర్తినిగా ప్రకటించు దర్బారు మహావైభవముగా జరిగెను. ఆ నెలలోనే కరవు పరిశీలనకై సర్ రిచర్డ్ టెంపుల్ అను దొరను దక్షిణమునకు పంపిరి. అతడు కరవుపనులలో కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా నేటి లెక్కకు 450 గ్రాములు, పైన స్వల్పమైన పైకము చాలునని నిర్ణయించెను. దినమంతయు రాళ్లు మోయు మనిషికి ఈ తిండి చాలదని మదరాసు ఆరోగ్యశాఖాధికారియైన కార్నిషు వైద్యుడు లెక్కలతో వాదించెను. కొన్ని మాసములకు ఆ కూలి పెంపక తప్పలేదు. ఈలోగా పోయిన ప్రాణములు తిరిగి రాలేదు. 1878 నాటికి ఆ కరవు దక్షిణ భారతమున 50 లక్షలకు పైగా ప్రాణములను కబళించెనని చరిత్రకారుల అంచనా. అప్పుడును మన రేవులనుండి ధాన్యము పరదేశములకు ఎగుమతి యగుచునే యుండెను.

1878 మే 1వ తేదిన పారిసులో మరియొక మహాప్రదర్శనము తెరచిరి. అందు మన దేశపు నగలు, వస్త్రములు, ఆయుధములు చూచి యూరపువారు ఔరా యనిరి. మన చేతిపనిని చూపు స్థలమున్నది. మన ఆకలిని చూపు స్థలము లేకపోయెను.

అయినను ఆ కరవు ఒక పాఠము చెప్పకపోలేదు. 1880లో ప్రకటింపబడిన క్షామ విచారణ సంఘమువారి నివేదికలో, కరవుకాలమున ముందుగా లోపించునది కూలిపని, దానివలన కొను శక్తియని స్పష్టముగా వ్రాసిరి. దానినిబట్టి క్షామనిబంధనలు పుట్టినవి. మన గ్రామవాసులకు ఇది క్రొత్త మాట కాదు. సంతలో బియ్యపుబస్తాలు వరుసగా నిలిచియుండగా చేతిలో కాసులేనివాడు వాని ప్రక్కనే పస్తుండుట మనమెరుగనిదా?

తరువాతి మెట్టు అమెరికాలో కానవచ్చినది. 1893లో షికాగో నగరమున జరిగిన ప్రదర్శనములో ఎలెన్ రిచర్డ్సు అను రసాయన శాస్త్రజ్ఞురాలు రమ్‌ఫర్డు వంటశాలయని యొక చిన్న భోజనశాలను నడపించెను. పూర్వము మ్యూనిక్ నగరమున పేదలకు చౌకగా బలకరమైన గంజి కాచి పోయించిన రమ్‌ఫర్డు ప్రభువు పేరు దానికి పెట్టిరి. అక్కడ 30 సెంట్లకు భోజనము. ఏ వంటకములో మాంసకృత్తు లెంత, క్రొవ్వెంత, పిండిపదార్థమెంత, శక్తి యెంత అని వ్రాసి భోక్తలకు తెలియజేసెడివారు. అంతవరకు ప్రదర్శనములు ధాన్యపు రాశిని చూపినవి. ఈ విదుషీమణి విస్తరిని చూపినది. కడుపు నిండుట వేరు, దేహమునకు పుష్టి కలుగుట వేరు అను వివేకము ఇట్లు ప్రదర్శనశాలలో కాలుపెట్టెను.

ఇరువదవ శతాబ్దమున రెండు మహాయుద్ధములు లోకమును అల్లకల్లోలము చేసినవి. 1943లో వంగదేశమున సుమారు 30 లక్షల మంది క్షామమునకు బలియైరి. యుద్ధానంతరము 1945 అక్టోబరు 16వ తేదిన కెనడా దేశపు క్విబెక్కు నగరమున ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ నెలకొల్పబడెను. వంగక్షామ కాలమున సహాయాధికారిగా పనిచేసి ఆ ఘోరమును కన్నులార చూచిన వినయరంజన సేనుగారు 1956లో ఆ సంస్థకు అధిపతియై, 1960లో ఆకలినుండి విముక్తి యను ఉద్యమమును లోకమంతట లేవనెత్తిరి. బాల్యమున ఆ క్షామమునే చూచిన అమర్త్య సేనుగారు 1981లో ప్రకటించిన గ్రంథమున, క్షామములు చాలవరకు తిండిలేక కాక, తిండిపై పేదలకు అధికారము లేక సంభవించునని నిరూపించిరి. ఒకే కరవును చూచిన ఇద్దరు భారతీయులలో ఒకరు లోకమును కదలించిరి, ఒకరు లోకమునకు బోధించిరి.

ఈ బోధ యంతయు ప్రదర్శనశాలకు చేరుటకు 2015వ సంవత్సరము కావలసి వచ్చెను. ఆ యేడు మే 1వ తేది మొదలు అక్టోబరు 31వ తేది వరకు ఇటలీ దేశమున మిలాను నగరములో జరిగిన ప్రదర్శనమునకు భూలోకమునకు అన్నము, జీవితమునకు శక్తి అని అర్థము వచ్చు నినాదము పెట్టిరి. సుమారు 140 దేశములు పాల్గొనినవి. రెండుకోట్ల పదిలక్షలకు పైగా జనులు చూచిరి. పూర్వము ఒక్కొక దేశము తన గొప్పకు తానొక మేడ కట్టెడిది. ఇక్కడ చిన్న దేశములను పంటలనుబట్టి కూర్చి, వరి పండించువారి నొకచోట, కాఫీ పండించువారి నొకచోట, ఎడారి ప్రాంతములవారి నొకచోట చేర్చిరి.

అందు స్విట్జర్లండువారి శాల నాకు మిగుల నచ్చినది. వారు నాలుగు గోపురములు కట్టి వానిలో నీరు, ఉప్పు, కాఫీ, ఆపిలు ముక్కలు నింపిరి. వచ్చినవారు తమ కిష్టమైనంత తీసికొనవచ్చును. ధర లేదు, అడ్డు లేదు. కాని యొక్క నియమము. గోపురము ఖాళీయైనచో మరల నింపరు. సరుకు తరిగినకొలది నేలమట్టము క్రిందికి దిగుచుండును. ముందు వచ్చినవాడు సంచి నింపుకొనినచో వెనుక వచ్చువానికి వట్టి గోడలు మిగులును. మన పల్లెలలో వేసవిని ఊరిబావియొద్ద బిందె పట్టుకొని నిలిచిన ఇల్లాలికి ఈ నీతి యెవరును చెప్పనక్కరలేదు. కాని పట్టణములలో కొళాయి త్రిప్పి నీళ్లు పట్టుకొనువారికి దానిని కంటికి కట్టినట్లు చూపవలసి వచ్చెను.

ఆ ప్రదర్శనమునకు దోషములు లేకపోలేదు. కట్టడముల గుత్తలలో అక్రమములు జరిగెనని అంతకు ముందటి యేడే కొందరిని నిర్బంధించిరి. తెరచిన నాడే నగరమున నిరసనలు చెలరేగి, బండ్లు తగులబడెను. ఆకలిని గూర్చిన ప్రదర్శనమునకు పెద్ద తినుబండారముల వ్యాపారులు పోషకులగుట యేమని అడిగినవారుండిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. వేలమందికి వండి వడ్డించుచోట మిగిలినదంతయు కుప్పలో పోయుట మరింత హాస్యాస్పదము గదా!

ఇచ్చట నొక మంచి పని జరిగినది. మాస్సిమో బొత్తూరా యను ప్రసిద్ధుడైన వంటవాడు ఒక ధర్మసంస్థతో కూడి, మిలానులో మూతపడిన పాత నాటకశాలను భోజనశాలగా మార్పించెను. ప్రదర్శనమున మిగిలిన కూరలు, రొట్టెలు, పండ్లు ప్రతిదినము అక్కడికి తెప్పించి, దేశదేశముల వంటవారిని పిలిపించి, నిలువనీడలేని దీనులను బల్లలయొద్ద కూర్చుండబెట్టి ఆదరముతో వడ్డింపించెను. ప్రదర్శనము ముగిసినను ఆ శాల మూయబడలేదు. లోకమున పండిన తిండిలో మూడవ వంతు, సాలునకు 130 కోట్ల టన్నులు, తినువాని నోటికి చేరక పాడగుచున్నదని ఆహార వ్యవసాయ సంస్థ 2011లో లెక్క కట్టినది. ఆ లెక్కను చదువుట సులభము. మిగిలిన రొట్టెను పేదవాని పళ్లెములోనికి చేర్చుట కష్టము. ఆ కష్టమైన పని యిది.

2015 అక్టోబరు 15వ తేదిన నూరు నగరములకు పైగా మిలానులో నొక ఒడంబడికపై సంతకములు చేసినవి. ప్రతి నగరము తన జనులు తినునదేమి, పారవేయునదేమి, పస్తుండువారెవ్వరు అని విచారించి తగిన యేర్పాటు చేయవలెనని దాని సారము. మరునాడు, ఆహారము మానవుని జన్మహక్కని చాటు పత్రమును ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శియైన బాన్ కీ మూన్‌గారి చేతికిచ్చిరి. ఇవి కాగితములేగదా యని మీరనవచ్చును. కాని మిలాను నగరము తరువాతి సంవత్సరములలో పేటపేటకు మిగులు ఆహారమును సేకరించు కేంద్రములు పెట్టి, అంగళ్లలోను వంటశాలలలోను మిగిలినదానిని దీనులకు అందజేయసాగెను. 2021 నాటి లెక్కకు ఒక్కొక కేంద్రము సాలునకు సుమారు 130 టన్నుల తిండిని కాపాడుచుండెను. ఆ పనికే ఆ యేడు ఎర్త్‌షాట్ బహుమానము లభించినది. గుడారములు విప్పిన పిదప ఊరికి ఏమి మిగిలినదో చూచి తిరునాళ్లను మెచ్చవలెను. ఆ లెక్కకు మిలాను కొంత ఉత్తీర్ణమైనది.

ఇక మన వంతు. భారతదేశము కోరగా 72 దేశములు బలపరచి, ఐక్యరాజ్యసమితి 2021 మార్చిలో తీర్మానించి, 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించెను. ఆ యేడు మార్చి 18వ తేదిన ఢిల్లీలో ప్రదర్శనముతో కూడిన గొప్ప సభ జరిగెను. హైదరాబాదులోని చిరుధాన్య పరిశోధన సంస్థకు ఆ విషయమున ప్రపంచకేంద్ర గౌరవము లభించెను. చుట్టమువచ్చినప్పుడు రాగిసంకటి పెట్టుటకు సిగ్గుపడిన దినములను మీరును నేనును ఎరుగుదుము. నేడు కొర్రలు, సామలు, అరికలు రంగుల సంచులలో కూర్చుండి సభలకు వచ్చినవి. సంతోషమే. కాని జొన్న పండించిన మెట్టరైతునకు గిట్టుబాటు దొరకినదా, అతని యింటిబిడ్డ దానిని తినుచున్నదా అని అడుగుట మన విధి. అడుగకున్న ఆ గింజలును నా బడిగోడ గాజుబుడ్లలోని గింజలే యగును.

2001లో మన దేశపు గిడ్డంగులలో ధాన్యము మూలుగుచుండగా రాజస్థానమున పేదలు పస్తులుండిరని కొందరు సుప్రీంకోర్టునకు మొరపెట్టుకొనిరి. ఆ వ్యాజ్యముననే న్యాయస్థానము ఆ యేడు నవంబరు 28వ తేదిన, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో పిల్లలకు వండిన భోజనము పెట్టవలెనని ఉత్తరువిచ్చెను. 2003 జనవరిలో మన రాష్ట్రపు బడులలో అది మొదలయ్యెను. మా బడి వెనుక పొయ్యి వెలిగిన మొదటినాడు అన్నము ఉడుకువాసన తరగతిలోనికి వచ్చినది. పిల్లలు పాఠము వినలేదు, నేనును చెప్పలేదు. గంట కొట్టగానే వారు వరుసగా కూర్చుండి తినుచుండగా నేను చూచుచు నిలిచితిని. నా జీవితమున నేను చూచిన ప్రదర్శనములలో అది గొప్పది. కన్నులు తిరిగి పడిపోయిన ఆ పిల్లవాడు అప్పటికి బడి విడిచి చాలాకాలమైనది. వాని కాలమున ఆ పొయ్యి లేకపోయెనే యని నాకు నేటికిని బాధ.

ఆర్యులారా, 2024లో లోకమున 67 కోట్ల మందికి పైగా ఆకలితో నుండిరని ఆహార వ్యవసాయ సంస్థవారు లెక్కించిరి. కనుక ప్రదర్శనము లింకను జరుగును, జరుగవలెను. మీ మండలకేంద్రమున వ్యవసాయ ప్రదర్శనము పెట్టినచో తప్పక వెళ్లుడు. రాశులను చూడుడు, యంత్రములను చూడుడు, మంచి విత్తనము కనబడినచో హాబర్లాండ్టువలె పిడికెడు తెచ్చుకొనుడు. తిరిగి వచ్చి, మీ యూరి బడిలో మధ్యాహ్నపు టన్నము ఎట్లున్నదో ఒకసారి పోయి చూడుడు. పెద్దలు చూచుచున్నారనిన వండువారికిని పెట్టువారికిని శ్రద్ధ కలుగును. రాశినుండి విస్తరివరకు గల దూరమును తగ్గించుటలో అది మీవంతు అడుగు.